1969 జావా 250: ఆటోనగర్ షెడ్డులో పది నెలలు

విజయవాడ ఆటోనగర్‌లో పాత మోటార్‌సైకిళ్లను మాత్రమే బాగుచేసే ఒక చిన్న షెడ్డుకు మా నాన్నగారి 1969 నాటి జావా 250ని నిరుడు అప్పగించాను. మూడు నెలల్లో ఇస్తామన్న బండి పది నెలలకు చేతికి వచ్చింది. ఖర్చు లక్షా నలభై వేల రూపాయలు దాటింది. ఇంజిన్ పని విషయంలో నాకు పూర్తి తృప్తి ఉంది. ఒక విషయంలో మాత్రం బాధ ఇంకా తీరలేదు.

బండిని దింపిన రోజున అక్కడి పెద్ద మేస్త్రీగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "కొత్తగా కనబడాలా సార్, మైసూరు నుంచి వచ్చినట్టు ఉండాలా?" అని. ఈ రెండూ ఒకటి కావని తెలిసిన మనిషికే బండి ఇస్తున్నానని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. 1961లో మైసూరులో ఐడియల్ జావా వారు తయారీ మొదలుపెట్టినప్పటి నుంచి ఈ బండికి ఉన్న ప్రత్యేకతలు, అంటే గేరు మార్చే లివరే పైకి తిప్పితే కిక్ కావడం, క్లచ్ పట్టుకోకుండానే గేరు పడటం, గొలుసు మొత్తం రేకు పెట్టెలో మూసి ఉండటం, స్పీడోమీటరు హెడ్‌లైట్ డొప్పలోనే అమరి ఉండటం, ఇవన్నీ నాకు ఉన్నవి ఉన్నట్టుగా కావాలని చెప్పాను.

మా బండి ఏళ్ల తరబడి తెల్లని పొగ కక్కేది. చూపించిన ప్రతిచోటా బోరు, అంటే పిస్టన్ కదిలే సిలిండరు లోపలి గోడ, అరిగిపోయిందనే చెప్పారు. ఆ మాట నమ్మి రెండుసార్లు సిలిండరు తొలిపించి పెద్ద పిస్టన్ వేయించాము, అయినా పొగ ఆగలేదు. ఈ మేస్త్రీగారు ప్లగ్గు విప్పి, దానికి అంటిన నూనెను వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, ఇది ఈ టూ-స్ట్రోక్ బండికి పెట్రోలులో కలిపే ఆయిల్ కాదని, గేర్‌బాక్సు ఆయిల్ అని తేల్చారు. క్లచ్ వైపు క్రాంకు (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) చుట్టూ ఉండే రబ్బరు సీలు ఎండి గట్టిపడటంతో పిస్టన్ పైకి లేచిన ప్రతిసారీ గేర్‌బాక్సులోని ఆయిల్ ఇంజిన్‌లోకి లాక్కుపోతోందని, అదే కాలి పొగగా వస్తోందని విప్పి చూపించారు. పాతిక ఏళ్లుగా ఎవరూ పట్టుకోని లోపం అది. సీళ్లు, కనెక్టింగ్ రాడ్, బేరింగులు మార్చి, క్రాంకును ప్రెస్సులో విడదీసి మళ్లీ బిగించి, లేత్ మీద డయల్ గేజీ పెట్టి వంపు తీసే పనిని నా కళ్ల ముందే చేశారు. కంపెనీ నుంచి 65 మిల్లీమీటర్లతో వచ్చిన సిలిండరు మునుపటి బోర్ల వల్ల అప్పటికే 65.50కి చేరింది కనుక ఈసారి 65.75 పిస్టన్ వేయక తప్పలేదు.

విద్యుత్ పని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 12 వోల్టులకు మార్చుకుంటే వెలుతురు బాగుంటుందని ఒక కుర్రవాడు సూచించినా, నేను వద్దనగానే 6 వోల్టుల డైనమోనే బాగుచేసి, ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే పాయింట్ల సందు 0.4 మిల్లీమీటర్లకు సరిచేసి ఇచ్చారు.

రంగు పనిని మాత్రం తీరిగ్గా చెప్పాలి. మా బండి మీద నాలుగు పొరల రంగులు పడి ఉండటంతో అసలు మెరూన్ ఏదో ఎవరికీ తెలియలేదు. చివరకు టూల్ బాక్సు మూత లోపలి వైపు, ఎండ తగలని చోట, అరచేయంత మేర కంపెనీ రంగు చెక్కుచెదరకుండా దొరికింది. ఆ ముక్కనే పక్కన పెట్టుకుని మూడుసార్లు కలిపి సరిపోల్చారు. ట్యాంకు పక్కల క్రోమ్‌కూ మెరూన్‌కూ మధ్య నడిచే బంగారు గీతను స్టిక్కరుతో కాకుండా చేత్తోనే వేయించారు. గీతలు వేయడానికి వచ్చిన పెద్దాయన పొడవాటి కుచ్చు ఉన్న సన్నని బ్రష్షును రంగులో ముంచి, చిటికెన వేలిని ట్యాంకు అంచుకు ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగులో ఆ వంపంతా తిప్పారు. గీత మొదలైన చోట కొద్దిగా లావుగా ఉంటుంది. దాన్ని సరిచేయబోతే నేనే వారించాను.

క్రోమ్ పూతను బయట ఇచ్చారు, ఆలస్యమంతా అక్కడే జరిగింది. పూతకు ముందు బఫింగ్ అతిగా పట్టడంతో సైలెన్సర్ అంచుల పదును పోయింది. అంతకన్నా పెద్ద నష్టం, ట్యాంకుకు ఇరువైపులా ఉండే అసలు మోకాలి రబ్బర్లను, కంపెనీ బోల్టులను నన్ను అడగకుండా పాత ఇనుముతో పాటు పారేయడం. కొత్తగా వేసిన నకలు రబ్బర్లు గట్టిగా ఉన్నాయి, మోకాలికి ఒత్తుకుంటున్నాయి. నాన్నగారి మోకాళ్లు ఆని నునుపెక్కిన ఆ రబ్బర్లను డబ్బు పెట్టి కొనలేను. మేస్త్రీగారు తప్పు ఒప్పుకొని ఆ రబ్బర్ల డబ్బు తగ్గించారు. బాగుకు బండి ఇచ్చేవారు, షెడ్డువాళ్లు విప్పిన ప్రతి వస్తువునూ సంచిలో కట్టి తిరిగి ఇవ్వాలని ముందే కాగితం మీద రాయించుకోవాలి.

అసలు రూపం ఉంచుకోవడానికి చట్టపరమైన కారణం కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేని బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అయితే అలా నమోదైన బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు కనుక నేను ఇంకా ఆలోచనలోనే ఉన్నాను.

లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి, మొదటి 500 కిలోమీటర్లు వేగం 50 దాటకుండా నడపమన్నారు. ఇప్పటికి 460 అయ్యాయి. పొగ లేదు, రెండో కిక్కుకు అందుకుంటోంది. హెడ్ బోల్టులు మళ్లీ బిగించడానికి రమ్మన్నారు. ఈ ఆదివారం బండి మీదనే వెళుతున్నాను.