డెన్వర్ చుట్టుపక్కల మనవాళ్ళకి హెచ్చరిక: 'స్కీ బ్యాగ్' పేరుతో అమ్ముతున్న ఆ కిట్ కొనకండి

అమ్మినాయన పేరు ఇక్కడ రాయను. డెన్వర్, అరోరా, హైలాండ్స్ రాంచ్ వైపు ఉండే మనవాళ్ళలో చాలామందికి రాయకుండానే తెలిసిపోతుంది. నవంబరు రాగానే 'ఫస్ట్ టైమ్ స్కీయింగా? మొత్తం కిట్ నా దగ్గరే' అని పోస్టులు పెడతాడు చూడండి, ఆయనే. డబ్బులు జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతాలోంచి నేరుగా డబ్బు పంపే యాప్) పంపాలి, సరుకు ఆయన గరాజ్ దగ్గర తీసుకోవాలి. ఇప్పటికే కొన్నవాళ్ళు దయచేసి చివరిదాకా చదవండి.

మా చెల్లెలు ఎం.ఎస్. చదువుకోవడానికి వచ్చింది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మంచు చూడలేదు, ఈ చలికాలం స్కీయింగ్ నేర్చుకుంటానంది. స్కీలు, బూట్లు, హెల్మెట్ రిసార్ట్‌లోనే అద్దెకు తీసుకుందామనుకున్నాం. బ్యాగ్, గాగుల్స్, గ్లవ్స్ కోసం ఈయన దగ్గరికి వెళ్ళాం. 140 డాలర్లు. '20 లీటర్ల ఒరిజినల్ స్కీ బ్యాగ్, లిఫ్ట్ సేఫ్, పైగా సేఫ్టీ సామాను ఫ్రీ' అని రాశాడు. "చెక్ చేసుకోనా తమ్ముడూ?" అని అడిగితే, "అక్కా, మన చెల్లెలి కోసం కదా, మీకు అలాంటిలాంటిది ఇస్తానా? నేనే దగ్గరుండి చూసి సర్దాను" అన్నాడు. సర్దిన బ్యాగ్‌ని కవర్‌లో పెట్టి టేప్ వేసి ఇచ్చాడు. మర్నాడు తెల్లారుజామునే ఐ-70 హైవే ఎక్కేశాం.

పార్కింగ్‌లో చెల్లెలు బ్యాగ్ తగిలించుకుని ఛాతీ దగ్గర క్లిప్పు పెట్టుకుంది. టక్కుమని పడింది. కొత్తవాళ్ళు నేర్చుకునే చోట ఉండే నెమ్మది చెయిర్‌లిఫ్ట్ (తీగకి వేలాడుతూ కొండ పైకి తీసుకెళ్ళే కుర్చీలు) దగ్గరికి వచ్చాక, క్లిప్పు విప్పి బ్యాగ్ ఒళ్ళోకి తెచ్చుకోమన్నాను. అలా చెయ్యమని లిఫ్ట్ దగ్గర బోర్డు కూడా ఉంది. గ్లవ్స్ తీసి మరీ నొక్కింది, రాలేదు. నేను నొక్కాను, రాలేదు. వెనక వరుస పెరుగుతోంది, లిఫ్ట్ కుర్రాడు రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. కుర్చీ వచ్చి మోకాళ్ళ వెనక తగిలింది, కూర్చున్నాం.

పైన దిగే చోట స్కీల మొనలు పైకెత్తి ఇద్దరం లేచాం. నేను జారుకుంటూ నాలుగడుగులు ముందుకు వెళ్ళానో లేదో, వెనక నుంచి "అక్కా!" అని కేక. తిరిగి చూస్తే చెల్లెలు నేల మీద లేదు. బ్యాగ్ నడుము పట్టీ కొస కుర్చీ వీపు కమ్ముల మధ్య దూరి బిగుసుకుపోయింది. కుర్చీ దాన్ని ఈడ్చుకుంటూ మలుపు తిరుగుతోంది. స్కీలు గాల్లో ఉన్నాయి. ఒంటి బరువంతా చంకల కింద పట్టీల మీద పడింది. ఆ రాని క్లిప్పున్న ఛాతీ పట్టీ పైకి జరిగి జరిగి గొంతు దగ్గరికి వచ్చేసింది. రెండు చేతులతో దాన్ని కిందికి లాక్కుంటోంది పిల్ల. పైన లిఫ్ట్ నడిపే గదిలో ఉన్న అమ్మాయి వెంటనే బటన్ నొక్కి లిఫ్ట్ ఆపింది. పరుగున వచ్చి చెల్లెలి కాళ్ళని తన భుజం మీదికి ఎత్తి పట్టుకుంది. ఇంకో ఆయన చాకుతో పట్టీ కోశాడు. భుజాల మీద కమిలిన గుర్తులు, మెడ కింద ఎర్రటి గీత. దేవుడి దయవల్ల అంతకు మించి ఏమీ కాలేదు. ఆ అమ్మాయి క్షణం అటూ ఇటూ చూసి ఉంటే ఈ పోస్టు వేరేగా ఉండేది.

లాడ్జ్‌లో కూర్చున్నాక ఆ క్లిప్పుని వెలుతురులో పెట్టి చూశాను. క్లిప్పుకి రెండు పక్కలా రెండు పళ్ళుంటాయి కదా, నొక్కితే లోపలికి వంగి విడివడేవి. అందులో ఒక పన్ను మొదలు దగ్గర విరిగి ఉంది. దాన్ని సూపర్ గ్లూతో అతికించారు. జిగురు ఎండి తెల్లగా పొక్కు కట్టి ఉంది, గోటితో గీస్తే పొడి రాలింది. తోస్తే లోపలికి పోతుంది, నొక్కితే వంగదు, బయటికి రాదు. పట్టీ మీద అదే రంగు పెన్నుతో పూసిన మరక కూడా కనిపించింది. ఇది పొరపాటున జరిగింది కాదు. ఒక మనిషి కూర్చుని, విరిగిన క్లిప్పుని అతికించి, అతుకు కనపడకుండా రంగు వేసి, 'లిఫ్ట్ సేఫ్' అని రాసి నాకు అమ్మాడు.

బ్యాగ్ స్కీ బ్యాగ్ కూడా కాదు. ముందు కుట్టిన గుడ్డ ముక్క ఒక మూల లేచి ఉంటే లాగాను. కింద వేరే కంపెనీ లోగో కుట్టు తాలూకు సూది రంధ్రాలు కనిపించాయి. లోపలి లేబుల్ మీద 35 లీటర్లని ఉంది. పక్కల నీళ్ళ సీసాలకి వల జేబులు, ముందు భాగాన వరసగా గుడ్డ ఉచ్చులు, రెండు వైపులా మూరెడేసి వేలాడే పట్టీ కొసలు. ఎండాకాలం కొండ ఎక్కడానికి పనికొచ్చే బ్యాగ్ అది. కుర్చీ కమ్మికి తగులుకోవడానికి అందులో ఎన్ని చోట్లున్నాయో చెప్పలేను.

ఇక ఫోన్ సంగతి. నాకు రాత్రి నిద్ర పట్టనిది దీనివల్లే.

మొదట మర్యాదగానే మాట్లాడాను. జరిగింది చెప్పి క్లిప్పు ఫొటో పంపాను. చూసినట్టు గుర్తు వచ్చింది. కాసేపటికి ఆయనే చేశాడు. "ఎలా ఉంది చెల్లెలికి" అన్న మాట లేదు. "చూడండి మేడమ్, లిఫ్ట్ దిగడం రానివాళ్ళకి ఏ బ్యాగ్ ఇచ్చినా ఇంతే" అన్నాడు. జిగురు సంగతేమిటని అడిగితే, "అది మీరే పెట్టి ఉంటారు, నాకేం తెలుసు?" అన్నాడు. "మెడకి బిగుసుకుంది అండీ, ఇరవై మూడేళ్ళ పిల్ల" అన్నాను. వెనక ఎవరో నవ్వారు. ఈయన వాళ్ళతో, "ఫ్రెషర్లు బ్రో, ప్రతి సీజన్ ఇదే గోల" అన్నాడు. ఫోన్ స్పీకర్ మీద ఉందన్నమాట. తర్వాత నాతో, "కోసేసిన బ్యాగ్ వెనక్కి తీసుకోను. రిటర్న్ లేదని ముందే రాశాను" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే బ్లాక్.

నాకు డబ్బు సంగతి తర్వాత. ప్రాణం మీదికి వచ్చిందని చెబుతుంటే నవ్విన మనిషి, మర్నాటికల్లా పాత పోస్టు తీసేసి అవే ఫొటోలతో కొత్త పోస్టు పెట్టాడు. అదే బ్యాగ్, అదే 'లిఫ్ట్ సేఫ్'. అది చూశాకే ఇది రాయడానికి కూర్చున్నాను.

ఇదేదో ఎప్పుడో ఒకసారి జరిగే వింత అనుకునేవాళ్ళకి ఒక మాట. 2017 జనవరిలో మన కొలరాడోలోనే, అరపహో బేసిన్ రిసార్ట్‌లో, బ్యాగ్ కుర్చీకి తగులుకుని ఒకాయన మెడ దగ్గర వేలాడిపోయాడు, స్పృహ తప్పింది. తాడు మీద నడిచే ఆటలో ఆరితేరిన ఆయన స్నేహితుడు లిఫ్ట్ టవర్ ఎక్కి, పైనున్న ఉక్కు తీగ మీద జారుకుంటూ కుర్చీ దాకా వెళ్ళి, కింద నుంచి స్కీ పెట్రోల్ వాళ్ళు (రిసార్ట్‌లో ఆపద వస్తే ఆదుకునే సిబ్బంది) విసిరిన చాకుతో పట్టీ కోశాడు. అలా బతికాడు. అలాంటి స్నేహితుడు అందరి పక్కనా ఉండడు. 2020 ఫిబ్రవరిలో ఇక్కడి వెయిల్ రిసార్ట్‌లో కుర్చీ సీటు పైకి మడిచి ఉండటంతో సందులోంచి జారిన ఒకాయన, జాకెట్ కుర్చీకి చిక్కుకుని ఊపిరాడక చనిపోయాడు. గుడ్డ ముక్క, పట్టీ, కొస, ఏదైనా సరే, కదిలే కుర్చీకి తగిలితే మన బలం చాలదు. అందుకే క్లిప్పు విడివడడం అంత ముఖ్యం. అందుకే దాన్ని జిగురుతో అతికించడాన్ని నేను చిన్న మోసం అనలేను.

'ఫ్రీ సేఫ్టీ సామాను' గురించి కూడా చెప్పాలి, ఇది ఇంకా ప్రమాదం. అందులో హిమపాతం (కొండ మీంచి మంచు విరిగి పడటం) బీకన్ ఒకటి ఉంది. మంచు కింద కూరుకుపోతే మిగతావాళ్ళు వెతికి పట్టుకోవడానికి సిగ్నల్ పంపే పరికరం. "ఇది ఉంటే కొండ మీద ఎక్కడికైనా వెళ్ళొచ్చు అక్కా" అన్నాడు. బ్యాటరీ మూత తీస్తే స్ప్రింగుల నిండా పచ్చగా చిలుము. బ్యాటరీలు ఎప్పుడో కారిపోయాయి. ఆన్ చేస్తే ఒకసారి వెలిగి ఆరిపోయింది. ఇలాంటిది ఒంటి మీద ఉందన్న ధైర్యంతో ఎవరైనా రిసార్ట్ వాళ్ళు తాడు కట్టిన హద్దు దాటి వెళ్తే?

బాగా పనిచేసే బీకన్ అయినా ఒక్కటే ఉంటే ఏమీ చెయ్యదు. పక్కవాళ్ళ దగ్గర కూడా బీకన్, మంచులో గుచ్చి వెతికే పొడవాటి ప్రోబ్ కడ్డీ, పార ఉండాలి, వాడటం సాధన చేసి ఉండాలి. మంచులో కూరుకున్న మనిషిని మొదటి పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తేనే బతికే అవకాశం ఎక్కువ. అంత టైములో పెట్రోల్ వాళ్ళు వచ్చేస్తారని లెక్క వేసుకోలేం. ఇదంతా రిసార్ట్ హద్దు బయట తిరిగేవాళ్ళ సంగతి. వాళ్ళు కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఇచ్చే రోజువారీ సూచన చూడకుండా కదలరు. రిసార్ట్ లోపల చదును చేసిన, కొత్తవాళ్ళకని ఆకుపచ్చ గుర్తు పెట్టిన దారుల్లో నేర్చుకునేవాళ్ళకి ఈ సామాను అవసరమే లేదు. అవసరం లేనిది, పనిచెయ్యనిది, భయం పెట్టి అంటగడుతున్నాడు.

ఎయిర్‌బ్యాగ్ బ్యాగులు (హిమపాతంలో చిక్కుకుంటే గాలితో ఉబ్బి మనిషిని మంచు పైన ఉంచేవి) కూడా 'సిలిండర్ ఫుల్' అని అమ్మకానికి పెట్టాడు. ఎవరైనా ఆలోచిస్తుంటే, మీటర్ ఉన్న రకమైతే ముల్లు ఎక్కడుందో చూడండి, మీటర్ లేని రకమైతే సిలిండర్‌ని తూకం వేసి దాని మీద చెక్కిన బరువుతో పోల్చుకోండి. చూడనివ్వకపోతే వచ్చెయ్యండి.

అసలు బ్యాగ్ కావాలా అని చాలామంది అడుగుతారు. నా మాటగా చెప్తున్నాను, కొత్తవాళ్ళకి వద్దు. వీపు మీద బరువుంటే ఒళ్ళు వెనక్కి వాలుతుంది, కొత్తవాళ్ళు ఎలాగూ వెనక్కే వాలతారు, స్కీలు చెప్పిన మాట వినవు. వెల్లకిలా పడితే లోపలున్న స్టీలు ఫ్లాస్కో కెమెరావో నేరుగా వెన్నెముకకి తగులుతుంది. మన అలవాటు కొద్దీ పులిహోర డబ్బా, చపాతీ చుట్టలు, మజ్జిగ సీసా అన్నీ సర్దుకుంటాం. అవి లాడ్జ్ లాకర్లోనో కార్లోనో ఉంచి మధ్యాహ్నం వచ్చి తినండి. జాకెట్ జేబుల్లో ఏం పట్టాలంటే: లిప్ బామ్, చిన్న సన్‌స్క్రీన్ ట్యూబు, ఒక పల్లీ చిక్కీ, కార్డు, ఇన్సూరెన్స్ కార్డు ఫొటో, ఫోన్. ఫోన్ లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకోండి, చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది. కార్ తాళం జిప్ ఉన్న జేబులోనే. ఇక్కడ చాలా రిసార్టుల్లో పై భాగాలు పది వేల అడుగులు దాటి ఉంటాయి, నీళ్ళు తాగకపోతే తలనొప్పి ఖాయం. లాడ్జ్‌కి వచ్చినప్పుడల్లా తాగితే చాలు.

కాస్త వచ్చినవాళ్ళు, రోజంతా పైనే ఉండేవాళ్ళు తీసుకెళ్తే 10 నుంచి 20 లీటర్లలోపు, వీపుకి అతుక్కుని ఉండే స్కీ బ్యాగ్ తీసుకోండి. పట్టీ కొసలు లోపలికి దోపుకునే వీలుండాలి. పొడి గ్లవ్స్ ఇంకో జత, గాగుల్స్‌కి మబ్బు రోజు వేసే అద్దం, పల్చటి జాకెట్, నీళ్ళు. గొట్టంతో తాగే నీళ్ళ సంచీ అయితే తాగాక గొట్టంలోకి ఊది నీళ్ళు వెనక్కి పంపండి, లేకపోతే గడ్డకట్టి మూసుకుపోతుంది. లిఫ్ట్ ఎక్కే ప్రతిసారీ క్లిప్పులన్నీ విప్పి బ్యాగ్ ముందుకి తెచ్చుకోండి. క్లిప్పు రాకపోతే వరుసలోంచి పక్కకి జరగండి, ఎవరేమనుకున్నా సరే. కొనేటప్పుడే గ్లవ్స్ వేసుకుని ప్రతి క్లిప్పూ పెట్టి తీసి చూడండి.

జెల్‌లో పంపిన డబ్బుకి కొన్నవాళ్ళకి రక్షణ లేదు, బ్యాంకు అదే చెప్పింది. తెలియనివాళ్ళ దగ్గర పాత సామాను కొంటే క్రెడిట్ కార్డు, లేదా ఫిర్యాదు చేసే వీలున్న పద్ధతిలోనే కట్టండి. నేను స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకి (చిన్న మొత్తాల తగాదాలు చూసే కోర్టు) కాగితాలు సిద్ధం చేస్తున్నాను. కోసిన పట్టీ, క్లిప్పు, మెసేజీలు, రిసార్ట్ వాళ్ళు రాసుకున్న రిపోర్టు అన్నీ దాచాను. ఆయన దగ్గర ఇలాగే కొన్నవాళ్ళుంటే నాకు మెసేజ్ పెట్టండి, కలిసి వెళ్దాం.

ఇంకొకటి, ఇదే తొందరగా చెప్పాల్సింది. నిన్నటి కొత్త పోస్టులో పిల్లల సైజు బ్యాగులు కూడా పెట్టాడు. ఎవరైనా కొని ఉంటే, ఈ శనివారం బయల్దేరేముందు ఆ బ్యాగ్ ఇంట్లోనే వదిలెయ్యండి. పిల్లల వీపు మీద ఏ బ్యాగూ లేకుండా లిఫ్ట్ ఎక్కించండి.