అగ్రికోలా తిరిగిన ఊళ్లు: ఎక్కడ ఉండాలి, ఏది చూడాలి

జర్మనీలో కెమ్నిట్స్‌లో, ఫ్రైబెర్గ్‌లో చదివే మన పిల్లలు వీకెండ్ వస్తే బెర్లిన్‌కో ప్రాగ్‌కో వెళ్లిపోతారు. వాళ్లున్న ఊళ్ల చుట్టూనే గేయోర్గ్ అగ్రికోలా అనే డాక్టరు గారి జీవితమంతా ఉంది. మాది కొత్తగూడెం వైపు, ఇంట్లో బొగ్గుబాయి మాటలు వింటూ పెరిగాను. గని పనివాళ్ల ఊపిరితిత్తులు ఎందుకు పాడవుతాయో 1556లో వచ్చిన పుస్తకంలో రాసినాయన అని తెలిసినప్పటి నుంచి ఆయన ఊళ్లు చూడాలని ఉండేది.

1494లో ఆయన పుట్టిన గ్లౌఖౌని టైమ్ తక్కువుంటే వదిలేయొచ్చు. బసకి మాత్రం కెమ్నిట్స్ బెస్ట్. గదుల రేట్లు లైప్‌జిగ్ కంటే తక్కువ, స్టేషన్ దగ్గర దిగితే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ రీజనల్ రైళ్లు, డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా లోకల్, రీజనల్ రైళ్లకి పనికొచ్చే నెలవారీ పాస్) ఉంటే వేరే ఖర్చే ఉండదు. కాకపోతే అగ్రికోలా నాటి ఊరు కనిపిస్తుందని వెళ్తే నిరాశే. ఈయన ఇక్కడ ఊరి వైద్యుడు, 1546 నుంచి నాలుగు సార్లు మేయర్, ప్లేగు వచ్చినప్పుడు రోగుల్ని చూసి 1554లో దానిమీద పుస్తకం కూడా రాశాడు. కానీ 1945 బాంబు దాడుల్లో పాత ఊరు చాలావరకు పోయింది. పాత టౌన్ హాల్, దాని పక్కన యాకోబి చర్చి చూసి, టీట్స్ భవనంలో ఉన్న శిలాజ వృక్షాల దగ్గర కాసేపు నిలబడండి, అవి దాదాపు 29 కోట్ల ఏళ్ల నాటివి.

అసలు యాత్ర యాఖిమోవ్‌లో ఉంది. చెక్ వైపు, అప్పటి పేరు యోఆఖిమ్‌స్టాల్. 1516లో వెండి బయటపడ్డాక ఆ ఇరుకు లోయలోకి జనం విరగబడి వచ్చారు, ఇరవయ్యేళ్లు తిరక్కుండానే బొహీమియాలో ప్రాగ్ తర్వాత అంత పెద్ద ఊరైంది. అగ్రికోలా 1527లో ఇక్కడికి వైద్యుడిగా వచ్చాడు. అప్పటికే ఇటలీలో చదువుకుని, వెనిస్‌లో ప్రాచీన వైద్యుడు గాలెన్ గ్రీకు గ్రంథాల అచ్చు పనిలో పాలుపంచుకున్న పండితుడు. ఖనిజాల్లో మందులు దొరుకుతాయేమోనని, రోగుల్ని చూడగా మిగిలిన టైమంతా గనుల్లో, లోహం కరిగించే కొలుముల దగ్గర గడిపాడు. పనివాళ్లని అడిగి తెలుసుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే పెరిగింది. లాటిన్ వచ్చినవాళ్లు గనిలోకి దిగని కాలం అది.

దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి పుండు పడుతుందని, కార్పాతియన్ కొండల గనుల దగ్గర ఏడుగురు భర్తల్ని ఈ రోగానికే పోగొట్టుకున్న ఆడవాళ్లు ఉన్నారని రాశాడు. రాసి ఊరుకోలేదు, మొహానికి గుడ్డ కట్టుకోమన్నాడు, గాలి లోపలికి పంపే యంత్రాలు బొమ్మలతో సహా చూపించాడు. యాఖిమోవ్ ఉన్న ఈ కొండల్లోనే, జర్మనీ వైపు ష్నీబెర్గ్ గని పనివాళ్ల జబ్బు ఊపిరితిత్తుల క్యాన్సరేనని 1879లో గానీ తేలలేదు.

యాఖిమోవ్‌కి రైలు లేదు, కార్లోవీ వారీ నుంచి బస్సు. జర్మన్ టికెట్ అక్కడ పనికిరాదు, చేతిలో కొంచెం కొరునాలు (చెక్ డబ్బులు) ఉంచుకోండి. కింద స్పా హోటళ్లు, అందులో 1912 నాటి రేడియం ప్యాలెస్ పెద్దది. స్వోర్నోస్త్ గని నుంచి తెచ్చే, రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఉన్న నీళ్లతో కీళ్ల నొప్పులకి స్నానాలు చేయిస్తారు, అదీ డాక్టరు చూసి రాశాకే. నేను పైన పాత ఊళ్లో చిన్న పెన్షన్‌లో (లాడ్జిలాంటిది) ఉన్నాను. గది శుభ్రం, వేడి నీళ్లకి లోటు లేదు, కానీ వంటగది సాయంత్రం తొందరగా మూసేశారు, బయట కూడా పెద్దగా ఏమీ తెరిచి లేదు. శాకాహారులకి దొరికేది ఎక్కువగా వేయించిన చీజ్, బంగాళదుంపలే, పగలే తినేయండి. పాత నాణేల టంకశాల ఇప్పుడు మ్యూజియం, దానికి రెండు గంటలైనా ఇవ్వండి. ఒక రాత్రి ఉంటేనే ఆ నిటారు వీధి నెమ్మదిగా ఎక్కి చూడగలరు.

ఫ్రైబెర్గ్‌లో రైషె జెకే గనిలోకి 150 మీటర్లు దింపుతారు. హెల్మెట్, కోటు వాళ్లే ఇస్తారు. ముందుగా బుక్ చేసుకోవాలి, వివరణ ఎక్కువగా జర్మన్‌లోనే. అయినా సరే వెళ్లండి, అగ్రికోలా పుస్తకంలో బొమ్మలు చూసినవాళ్లకి లోపల ప్రతిదీ అర్థమవుతుంది. ఆ బొమ్మలు చెక్కడానికే ఏళ్లు పట్టింది, పుస్తకం బాసెల్‌లో అచ్చై వచ్చేసరికి ఆయన లేడు.

1555 నవంబర్ 21న చనిపోయాడు. క్యాథలిక్‌గానే ఉండిపోయాడని, ప్రొటెస్టెంట్‌గా మారిన కెమ్నిట్స్ తన మేయర్‌కి సమాధి చోటివ్వలేదు. శవాన్ని 50 కిలోమీటర్లకు పైగా తీసుకెళ్లి, స్నేహితుడైన బిషప్ యూలియస్ ఫ్లూగ్ ఉన్న ట్సైట్స్ అనే ఊరి కేథడ్రల్లో పెట్టారు. ఇది చదివి వెళ్లినప్పుడు చాలా బాధేసింది. కేథడ్రల్ మోరిట్స్‌బర్గ్ కోటలోనే ఉంది. ఊరి కింద బీరు దాచుకోవడానికి తవ్విన పాత సొరంగాలు కూడా చూపిస్తారు, పిల్లలుంటే బాగా నచ్చుతుంది. సోమవారం మాత్రం పెట్టుకోకండి, ఈ వైపు చాలా మ్యూజియాలు ఆ రోజు మూసే ఉంటాయి. లైప్‌జిగ్ నుంచి పొద్దున వెళ్తే సాయంత్రానికి తిరిగి రావచ్చు, రాత్రి బస అక్కర్లేదు.