డీజిల్ కారున్నవాళ్లు జాగ్రత్త: ‘ఇంజెక్టర్ క్లీనింగ్ ప్యాకేజీ’ అనగానే పర్సు తీయకండి

కోపం ఇంకా దిగలేదు. రాత ఒక వరుసలో లేకపోతే సర్దుకోండి.

నాకు ఆ ప్యాకేజీ అమ్మిన దుకాణం పేరు రాయను. ఫోనులో డీజిల్ కార్ల వీడియోలు చూసే అలవాటున్నవాళ్లకు పేరు అక్కర్లేదు కూడా. దుకాణదారు నల్లగా మసిపట్టిన నాజిల్ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కొన) ఒకటి చూపిస్తాడు, సీసా ఒంపుతాడు, వెంటనే తళతళలాడే నాజిల్ చూపిస్తాడు. ఆ రెండూ ఒకటేనా అని ఎవరూ అడగరు. వేలకొద్దీ లైకులు కొట్టిన మహానుభావుల్లో నేనూ ఉన్నాను.

నాది 2013 నాటి బండి, 1248 సీసీ డీజిల్ ఇంజిన్. ఫియట్, మారుతి, టాటా మూడూ వాడిన ఇంజిన్ కాబట్టి మీలో చాలామందికి దాని చప్పుడు కూడా తెలిసే ఉంటుంది. కొంతకాలంగా పికప్ తగ్గింది, ఫ్లైఓవర్ ఎక్కితే వెనక నల్లటి పొగ. ఆ దుకాణానికి తీసుకెళ్తే యజమాని బానెట్ కూడా ఎత్తలేదు. పొగ చూశాడు, ‘ఇంజెక్టర్లు సార్’ అన్నాడు. ప్యాకేజీ 4,800 రూపాయలు. ట్యాంకులో ఒక సీసా పోస్తారు, డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లలాంటి ఇంకో మందు నేరుగా నింపి ఇంజిన్ నడిపిస్తారు. ‘ఇంజెక్టర్లే కాదు సార్, ఈజీఆర్, టర్బో, మానిఫోల్డ్, అన్నీ లోపలి నుంచి కడిగేస్తుంది.’ (ఈజీఆర్ అంటే పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు, టర్బో అంటే గాలిని ఒత్తి లోపలికి తోసేది, మానిఫోల్డ్ అంటే ఆ గాలి సిలిండర్లకు చేరే గొట్టాలు.)

ఈ ఒక్క మాట దగ్గరే నేను లేచి వచ్చేయాల్సింది. డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం మానిఫోల్డ్‌లోకి వెళ్లదు కదా! ట్యాంకు, ఫిల్టర్, పంపు, రైలు (ఇంజెక్టర్లకు ఒత్తిడితో డీజిల్ అందించే గొట్టం), ఇంజెక్టర్, అక్కడి నుంచి నేరుగా సిలిండర్. మానిఫోల్డ్‌లోకి వెళ్లేది గాలి, దానితో పాటు ఈజీఆర్ తిప్పి పంపే పొగ. ఆ పొగలోని మసి, ఇంజిన్ ఆయిల్ ఆవిరితో కలిసి తారులాగా పేరుకుంటుంది. ట్యాంకులో పోసిన మందు ఆ దారినే పోదు, ఇక దాన్ని ఎలా కడుగుతుంది? ఇప్పుడు ఇంత తెలివిగా రాస్తున్నాను. ఆ రోజు తల ఊపాను.

డీజిల్ ముల్లు అడుగున ఉంది. సీసా మీద 300 మిల్లీలీటర్లు 60 లీటర్ల డీజిల్‌కు అని రాసి ఉంది. నా ట్యాంకు నిండా పోసినా అన్ని లీటర్లు పట్టదు. ‘ముందు బంకుకు వెళ్లి నింపించుకుని రానా?’ అని అడిగాను కూడా. ‘అక్కర్లేదు సార్, గాఢంగా ఉంటేనే పట్టు’ అన్నాడు. ఫిల్టర్ మార్చలేదు, పాతదే బిగించాడు.

ఆ వారంలోనే విజయవాడలో పెళ్లికి బయలుదేరాం. కొర్లపహాడ్ టోల్ దాటాక బండి కుదుపులు మొదలుపెట్టి, కాసేపటికి పూర్తిగా ఆగిపోయింది. ఎండలో అమ్మ, పిల్లలు, లాక్కెళ్లే బండి కోసం ఫోన్లు. అది వదిలేయండి. పెళ్లి మాకు ఫోటోల్లోనే జరిగింది.

సూర్యాపేటలో డీజిల్ పంపులు బాగుచేసే ఒక పెద్దాయన ఫిల్టర్ విప్పి పళ్లెంలో బోర్లించారు. నల్లటి మడ్డి. ఏళ్ల తరబడి ట్యాంకు అడుగున పేరుకున్నదాన్ని అంత గాఢమైన మందు ఒక్కసారిగా కదిలించింది, అదంతా వచ్చి ఫిల్టర్‌లో ఇరుక్కుంది, పంపుకు డీజిల్ అందలేదు. తర్వాత నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలకు (మిగిలిన డీజిల్ వెనక్కి పోయేవి) నాలుగు చిన్న సీసాలు తగిలించి ఇంజిన్ నడిపారు. మూడింటిలో దాదాపు సమానంగా వచ్చింది, ఒకదానిలో గబగబా నిండిపోయింది, అంటే ఆ ఇంజెక్టర్ లోపల అరిగి డీజిల్ కారుతోందన్నమాట. ‘ఇది మందు వల్లే పోయిందని నేను రాసివ్వలేను బాబూ. ముందే అరిగి ఉండవచ్చు. కానీ అరిగిపోయినదాన్ని ఏ మందూ తిరిగి పుట్టించదు’ అన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు దొరికిన నిజాయితీగల మాట అదొక్కటే. కామన్ రైలులో పీడనం వెయ్యి బార్లు దాటుతుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ల చిల్లర. అంత ఒత్తిడిని ఆపే భాగాల మధ్య సందు మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) ఉంటుంది. అది అరిగితే బెంచి మీద పెట్టి పరీక్షించి భాగాలు మార్చడం తప్ప వేరే దారి లేదట. మంచి డిటర్జెంటు మందు సరైన మోతాదులో వేస్తే నాజిల్ రంధ్రాల దగ్గర పట్టిన పొర కొంత తగ్గుతుంది, దాన్ని ఆయనా కాదనలేదు, నేనూ కాదనను.

అసలు కథ ఇంకోటి. పెద్దాయన టార్చిలైటు పట్టుకుని టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచే భాగం) వెళ్లే రబ్బరు గొట్టం కింద వేలు పెట్టి చూపించారు. జానెడు పగులు, చుట్టూ ఆయిల్ మరకలు. టర్బో తోసిన గాలి అక్కడే బయటికి పోతోంది. గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ, కాబట్టి నల్లపొగ. గొట్టం ఖరీదు 1,400 రూపాయలు. టార్చి వేసి చూస్తే ఎవరికైనా కనిపించే పగులు అది. ఇంజెక్టర్, ఫిల్టర్, ట్యాంకు కడగడం, లాగుడు బండి, అన్నీ కలిపి 19,000 దాటింది.

ఇక అసలు ఘట్టానికి వస్తాను.

తిరిగి వచ్చాక ఆ మడ్డి ఫిల్టర్‌ను, పగిలిన గొట్టాన్ని ఒక సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్లాను. డబ్బు మొత్తం అడగాలని కూడా అనుకోలేదు. తప్పు జరిగింది సార్ అని, ప్యాకేజీ డబ్బు తిరిగి ఇస్తే చాలనుకున్నాను. బల్ల మీద ఫిల్టర్ పెట్టాను. ఆయన దాన్ని చూసి కంగారు పడలేదు. ముఖం వెలిగిపోయింది!

‘చూశారా సార్, మందు ఎంత బాగా పనిచేసిందో! ఇంత మురికి మీ బండిలో ఉందని మీకు తెలుసా?’

నేను నోరు తెరిచేలోపు లోపలికి కేక వేశాడు, ‘ఒరేయ్, కెమెరా పట్టుకు రా!’ కుర్రాడు వచ్చాడు. ఫిల్టర్ కింద తెల్ల గుడ్డ పరిచారు. లైటు వేశారు. నా పెళ్లి ప్రయాణాన్ని చంపిన ఫిల్టర్‌కు ఫోటో అలంకారం! గొట్టం సంగతి ఎత్తితే, ‘అది రబ్బరు సార్, పగులుతుంది, దానికీ మాకూ సంబంధం ఏమిటి?’ అన్నాడు. అదే నేనూ అడుగుతున్నాను మహాశయా, దానికి సంబంధం లేని మందును నాకెందుకు అమ్మారు? ‘పాత బండ్లకు ఇలాగే అవుతుంది సార్. మీరు ముందే వచ్చి ఉంటే ఇంత అయ్యేది కాదు. మందు మేం తయారు చేయలేదు, కంపెనీని అడగండి.’ అలా అంటూనే నన్ను కాస్త పక్కకు జరగమన్నాడు. ఫ్రేములో నా నీడ పడుతోందట.

కంపెనీని అడుగుదామని సీసా తిప్పి చూస్తే తయారీదారు చిరునామా లేదు, ఫిర్యాదు నంబరు లేదు. ధర మీద ఇంకో కాగితం అంటించి ఉంది. గీకితే కింద తక్కువ ధర. బిల్లులో మందు పేరే లేదు, ‘జనరల్ సర్వీస్’ అని మాత్రం ఉంది.

మర్నాడు వీడియో వచ్చింది. నా ఫిల్టరే. ‘ఒక్క సీసాతో బయటికి వచ్చిన మురికి చూడండి’ అట. కింద నేను జరిగింది రాశాను. తీసేశాడు. మళ్లీ రాస్తే నన్నే బ్లాక్ చేశాడు. దాన్ని చూసి సీసా ధర ఎంత అని అడుగుతున్నవాళ్లకు చెప్పే దారి లేకే ఇక్కడ రాస్తున్నాను.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. ధర మీద కాగితం సంగతి తూనికలు కొలతల శాఖకు విడిగా ఇచ్చాను. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా లేకుండా అమ్మకూడదు, అచ్చైన ధర మీద ఎక్కువ ధర అంటించనూ కూడదు. డబ్బు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఐదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము లేదు, మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు.

సలహాలంటారా? పొగ వస్తే ముందు గాలి ఫిల్టర్, టర్బో గొట్టాలు, ఈజీఆర్ చూడమనండి. చూడకుండా సీసా తీసేవాడి దగ్గర నుంచి బండి తీసుకుని వచ్చేయండి. మందు వేయాలనే ఉంటే ట్యాంకు నింపి, మోతాదు చదివి, కొత్త ఫిల్టర్ చేతిలో ఉంచుకుని వేయండి. 2020 తర్వాతి బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ బండ్లలో చాలావాటికి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టి కాల్చేసే ఫిల్టర్) ఉంటుంది. లోహాలు కలిసిన మందు వేస్తే మిగిలే బూడిద అందులో కాలిపోదు, అక్కడే పేరుకుంటుంది. కాబట్టి ముందు బండితో వచ్చిన మాన్యువల్ తెరిచి చూడండి. బిల్లు మీద మందు పేరు రాయించుకోండి. విప్పిన పాత సామాను అక్కడ వదలకండి, వాళ్లకు అది ప్రకటన సామగ్రి.

శాఖ నుంచి జవాబు వస్తే ఇక్కడే రాస్తాను. ఇదే దుకాణంలో దెబ్బతిన్నవాళ్లు ఉంటే బిల్లు ఫోటో దాచి ఉంచండి, ఫిర్యాదు కలిసి వేద్దాం.