వెంబ్లీలో టాటెన్‌హామ్: అద్దె ఇంటి ముచ్చట

తన పాత మైదానం వైట్ హార్ట్ లేన్‌ను పడగొట్టి కొత్త స్టేడియం కట్టేదాకా మా లండన్ ఫుట్‌బాల్ జట్టు టాటెన్‌హామ్, వెంబ్లీ స్టేడియంలో తలదాచుకుంది. 36,000 మందితో కిటకిటలాడే ఆ ఇరుకు మైదానం ఎక్కడ, 90,000 సీట్ల ఈ మహాసౌధం ఎక్కడ! పై అంతస్తు నుంచి కూడా ఆట చక్కగానే కనిపించేది. కానీ చిన్న జట్లు వచ్చినప్పుడు ఖాళీ వరుసల మధ్య మా పాటలు పల్చబడేవి.

2018 ఫిబ్రవరి 10న మా చిరకాల ప్రత్యర్థి ఆర్సెనల్‌తో ఆట మాత్రం వేరే లెక్క. 83,222 మంది! మా ఆటగాడు హ్యారీ కేన్ తలతో గోల్ కొట్టగానే పక్క సీటు పెద్దాయన తన మఫ్లర్ తీసి నా మెడకు చుట్టేశారు. పేరు కూడా అడగలేదు.

ఆట ముగిశాక జనమంతా రైలు కోసం బారులు తీరితే, నేను నింపాదిగా ఈలింగ్ రోడ్డుకు నడిచి మసాలా దోసె తినేవాణ్ణి. ఆ చలిలో పొగలు కక్కే సాంబారుకు అయిదు నక్షత్రాలు, స్టేడియానికి మూడున్నర.