బర్గర్‌కు బన్ను బదులు ఏది? భీమవరం వంటింట్లో 14 నెలల అనుభవం

బర్గర్ మానడం నా వల్ల కాదని తేలిపోయాక, కనీసం బన్నునైనా మానేద్దామని 14 నెలల క్రితం మొదలుపెట్టాను. బేకరీ బన్ను ఒకటి మా వంటింటి త్రాసు మీద 60 గ్రాములు తూగింది. అంటే ఒక్క బన్నులోనే సుమారు 160 కేలరీలు. గోధుమ రంగు బన్ను మేలనుకుని తొలి నెలంతా అదే కొన్నాను గానీ, కవరు వెనుక పదార్థాల వరుసలో మొదటి పేరు మైదాయే, చివర్లో కారమెల్ రంగు. కేలరీలు తెల్లదానితో దాదాపు సమానం. ఆ నెల డబ్బులు దండగ.

బన్ను బదులు చుట్టుకునే లెట్యూస్ (సలాడ్ ఆకు) మా ఊళ్లో దొరికిన రోజు దొరికినట్టు, అదీ వాడిపోయి. పెద్ద వంకాయను చక్రాలుగా కోసి పెనం మీద కాల్చి చూశాను. వంకాయలో కేలరీలు నామమాత్రమే అయినా అది దూదిలా నూనె పీలుస్తుంది, నూనె ఒక్క టీస్పూనుకు 40 కేలరీలు. నూనె లేకుండా కాలిస్తే తోలులా సాగింది.

పెసరట్టు సంగతి వేరు. 30 గ్రాముల పెసలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి వేసి గట్టిగా రుబ్బి, అరచేయంత అట్లు రెండు కాస్త మందంగా వేస్తే సుమారు 100 కేలరీలు. నూనె గరిటెతో పోయకుండా, సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో అద్ది పెనాన్ని రుద్దితే సరిపోతుంది. రొయ్యల ప్యాటీకి (బర్గర్ మధ్యలో పెట్టే బిళ్లకు) ఇంతకంటే చక్కని జోడు నాకు దొరకలేదు. అయితే వేడి మీదనే తినాలి; డబ్బాలో పెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్తే మధ్యాహ్నానికి బిరుసెక్కి ముక్కలవుతుంది.

చివరి వరకూ నిలిచింది క్యాబేజీ ఆకు. 100 గ్రాములకు 25 కేలరీలే కనుక లెక్క వేసే పని కూడా లేదు. పచ్చి ఆకు మడత దగ్గర విరుగుతుంది కాబట్టి, గడ్డ మొదలును చాకుతో తొలిచి, మరిగే నీటిలో రెండు నిమిషాలు ఉంచితే పై ఆకులు చిరగకుండా ఊడివస్తాయి; వాటిని చల్లనీళ్లలో వేసి తీసి, నడి ఈనె ఉబ్బును ఆకు మందానికి చెక్కి, నూలు గుడ్డ మీద ఆరబెట్టాలి. ఈ ఆరబెట్టడాన్ని తొలి మూడు వారాలు పట్టించుకోలేదు. ఒక రాత్రి నీళ్లు మోచేతి దాకా కారి, ప్యాటీ ఒళ్లో పడింది. రెండు ఆకులను ఒకదానిపై ఒకటి అడ్డంగా పరిచి, టమాటాను ఆకుకు తగలకుండా ప్యాటీ పైన పెట్టి, నాలుగు వైపులా మడిచి కాగితంలో చుడితే చివరి ముద్ద దాకా నిలుస్తుంది. బిగుతు గడ్డకు ఆకులు వంకరగా వస్తాయి గనుక చేతికి తేలిగ్గా ఉన్నదాన్నే ఎంచుకుంటాను. దీని లోపమల్లా రెండు గంటలకే ఆకలి వేయడం. అందుకే ప్యాటీలో రొయ్యలు 60 గ్రాముల నుంచి 100కు పెంచాను. రొయ్యలకు కొదవ ఉన్న ఊరా ఇది!

ఇవన్నీ చూసి మా అమ్మ, "దిబ్బరొట్టె ఉండగా ఈ ఆకులెందుకురా?" అంది. నిజమే, పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండే ఆ రొట్టెను అడ్డంగా చీల్చితే ఏ బన్నూ సాటిరాదు. కానీ మినప్పప్పు, బియ్యపురవ్వ, అడుగున పోసిన నూనె కలిసి, కేలరీల్లో బన్నును దాటిపోతుంది. రుచికి మొదటి మార్కు దానికే.

బన్ను తీసేసి మయోనైజ్ ఉంచుకుంటే సగం శ్రమ వృథా, ఎందుకంటే ఒక టేబుల్‌స్పూనుకు 90 కేలరీలకు పైమాటే. మీగడ తీసిన పెరుగును గుడ్డలో రాత్రంతా వేలాడగట్టి, ఆవపొడి కలిపి రాస్తున్నాను. ఆవ ఘాటు రొయ్యలకు బాగా పట్టింది. పిల్లలు మాత్రం ఇప్పటికీ ముక్కు మూసుకుంటారు.