కడుపుతో ఉన్నన్నాళ్లూ దోమల మందులు: వాడి చూశాక తేలింది

డీట్ (ఒంటికి రాస్తే దోమల్ని దూరంగా ఉంచే మందు) లోషన్, ఓడోమాస్ లాంటి క్రీము, ప్లగ్గుకు పెట్టే లిక్విడ్ మెషీన్, కాయిల్, వేపనూనె, దోమతెర. కాన్పు దాకా ఇంట్లో ఇవన్నీ వాడాక మిగిలినవి రెండే: రాత్రికి దోమతెర, పగటికి 20 శాతం డీట్.

డెంగీ తెచ్చే ఏడిస్ దోమ పగలే కుడుతుంది. తెల్లవారాక రెండు గంటలు, చీకటి పడేముందు రెండు గంటలు మరీ ఎక్కువ. అప్పుడు దోమతెర అక్కరకు రాదు, ఒంటికి రాసుకునేదే దిక్కు. కడుపుతో ఉన్నవాళ్ల మీదకు దోమలు ఎక్కువగా వస్తాయి కూడా. ఊపిరి ఎక్కువ వదులుతారు, పొట్ట దగ్గర ఒళ్లు వెచ్చగా ఉంటుంది.

డీట్ సీసా మీద శాతం చూసి చాలామంది భయపడతారు. ఆ అంకె చెప్పేది ముఖ్యంగా ఎంతసేపు పనిచేస్తుందన్నది. 10 శాతం సుమారు రెండు గంటలు, 30 శాతం అయిదు గంటలు. 50 దాటితే అదనపు లాభం లేదు. థాయ్‌లాండ్, బర్మా సరిహద్దులో 897 మంది గర్భిణులతో చేసిన పరీక్ష 2001లో అచ్చయింది. నాలుగో నెల నుంచి రోజూ 20 శాతం డీట్ రాసుకున్నవాళ్ల పిల్లల్లో పుట్టినప్పుడు గానీ, ఏడాది వయసులో గానీ తేడా కనపడలేదు. మొదటి మూడు నెలల గురించి అంత గట్టి ఆధారం లేదు కాబట్టి అప్పుడు నిండు చేతుల నూలు బట్టలు, సాక్సులే ముందు. లోషన్ దోమలున్న చోటికి వెళ్లేటప్పుడే.

రాసుకోవడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. బట్ట కప్పని చోటే రాయాలి. మోచేతుల కింద, పాదాలు, మడమలు, మెడ వెనక: అన్నిటికీ కలిపి ఒక టీస్పూను చాలు. చీలమండ దగ్గర వేలెడు జాగా వదిలినా దోమ అక్కడే కుడుతుంది. పొట్ట మీద, చీర లోపల రాయొద్దు. గాలాడక ఒంట్లోకి ఎక్కువ ఇంకుతుంది, దురదా పెడుతుంది. సన్‌స్క్రీన్ వాడితే అది ముందు, ఆరాక డీట్. రెండూ కలిసిన సీసా కొనొద్దు, సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాయాలి, డీట్‌కు ఆ అవసరం లేదు. స్ప్రే అయితే అరచేతిలో కొట్టుకుని ముఖానికి అద్దాలి. ఇంటికి రాగానే సబ్బుతో కడగాలి. కళ్లజోడు ఫ్రేముకు, గోళ్లరంగుకు అంటితే కరిగిస్తుంది, జాగ్రత్త.

ఓడోమాస్ లో ఉండేది డీట్ కాదు, డైఇథైల్ బెంజమైడ్. పేర్లు దగ్గరగా ఉన్నా మందులు వేరు. పైన చెప్పిన పరీక్ష దీనికి వర్తించదు. ట్యూబు వెనక మందు పేరు చదివి, ఆ ట్యూబునే డాక్టరమ్మకు చూపించడం మేలు.

లిక్విడ్ మెషీన్ పడుకునే ముందు అరగంట, గదిలో ఎవరూ లేనప్పుడు, కిటికీ కొంచెం తెరిచి నడిపి ఆపేస్తే సరిపోయింది. తలుపులన్నీ బిగించి రాత్రంతా నడిపితే పొద్దున్న తల బరువు. కాయిల్ మాత్రం వద్దే వద్దు. ఒక్క కాయిల్ వదిలే సన్నటి పొగ ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో లెక్క తేల్చారు. వేపనూనె వాసన ఉన్నంతసేపే పనిచేసింది. పైగా దాన్ని లోపలికి తీసుకుంటే గర్భానికి ప్రమాదం.

దోమతెరను పరుపు కింద నాలుగు పక్కలా దోపాలి. మోకాలు తెరకు ఆనుకుంటే దోమ బయటి నుంచే కుడుతుంది, అందుకే నెలలు నిండేకొద్దీ వెడల్పు తెర కావాలి. ఏజెన్సీ ఊళ్లలో ప్రభుత్వం ఇచ్చే, దోమల మందు పట్టించిన తెరలను మొదటిసారి ఒక రోజంతా నీడలో ఆరేసి వాడాలి.

ఇంత చేసినా జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ముట్టుకోవద్దు. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఎన్‌ఎస్‌1 అనే రక్తపరీక్ష జ్వరం వచ్చిన మొదటి అయిదు రోజుల్లోనే డెంగీని బాగా పట్టిస్తుంది. బీపీ కోసం రోజూ చిన్న ఆస్పిరిన్ మాత్ర వేసుకుంటుంటే ఆ మాట డాక్టరుకు అడక్కముందే చెప్పాలి.