ఆర్చీ, ఎఫ్‌టీపీలతో నా అయిదేళ్లు

1992 నుంచి 1997 దాకా, అమెరికాలో మొదట చదువుకుంటూ, తరువాత ఉద్యోగం చేస్తూ, నాకు కావలసిన ప్రోగ్రాములను ఆర్చీ అనే వెతికే సాధనంలో వెతికి, ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ పద్ధతితో దింపుకున్నాను.

ఆర్చీని 1990లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో అలన్ ఎంటేజ్ తయారుచేశారు. ఎవరైనా ప్రవేశించగల ఎఫ్‌టీపీ సర్వర్ల నుంచి ఫైళ్ల జాబితాలు తెచ్చి అది ఒకచోట పెట్టేది. దూరంలోని కంప్యూటరులోకి ప్రవేశించే టెల్నెట్‌తో చేరి, 'ప్రోగ్' అని కొట్టి పక్కన పేరు రాస్తే, ఆ ఫైలు ఏ సర్వర్‌లో, ఏ డైరెక్టరీలో ఉందో చెప్పేది. పగలు వరుసలో చాలాసేపు నిలబెట్టేది. అందుకే నేను రాత్రి పదకొండు దాటాకే వెతికేదాన్ని.

దాని పెద్ద లోపం, పేర్లు తప్ప మరేమీ చూడకపోవడం. బొమ్మలు చూపే ప్రోగ్రాం కావాలంటే దాని పేరు 'ఎక్స్‌వీ' అని ముందే తెలిసి ఉండాలి. జాబితాలు పాతబడేవి కూడా. చెప్పిన చోటికి వెళ్తే ఫైలు ఉండేది కాదు.

అయినా ఆర్చీ అంటే నాకు ప్రాణం. 1993 చలికాలంలో ఒక రాత్రి, ఏమీ ఆశించకుండా, 'తెలుగు' అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. ఒకే పేరున్న డైరెక్టరీ నాలుగు చోట్ల కనిపించింది. పుస్తకాలు, పత్రాలు అచ్చుకు కూర్చే 'టెక్' ప్రోగ్రాంలో తెలుగు అచ్చు వేసుకునే ఫాంట్లు! ఎవరో తెలుగువాళ్లు ఒక్కొక్క అక్షరం వంపు లెక్కగట్టి గీసి, అందరికీ ఉచితంగా పెట్టారు. ఒత్తులు సరిగా కూర్చోవడానికి నాకు వారం పట్టింది. ఆ వారాంతంలో అమ్మకు రెండు పేజీల ఉత్తరం లేజర్ ప్రింటర్ మీద తీసి పోస్టు చేశాను. ఆ డైరెక్టరీకి వేరే పేరు పెట్టి ఉంటే అది నాకు ఎన్నటికీ దొరికేది కాదు.

ఎఫ్‌టీపీ విషయానికొస్తే, 1971లో దాని తొలి నియమావళి రాసింది ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అభయ్ భూషణ్. పేరు అడిగితే 'అనానిమస్' అని, పాస్‌వర్డ్ అడిగితే మన ఈమెయిలు చిరునామా ఇస్తే చాలు, తలుపు తీసేది. ఒక్కటి మాత్రం మరవకూడదు, పాఠం కాని ఫైళ్లకు 'బైనరీ' అని ముందే చెప్పాలి. ల్యాబ్‌లోని డాస్ యంత్రం మీద ఆ మాట చెప్పకుండా ఒక జిప్ ఫైలు దింపాను. ఎఫ్‌టీపీ దాన్ని మామూలు పాఠంగా భావించి, పంక్తి మారే గుర్తు కనబడిన ప్రతిచోటా అదనంగా ఒక బైటు చేర్చింది. రెండు గంటల పని వృథా అయింది. అప్పటి నుంచి సర్వర్‌లో చూపిన పరిమాణాన్ని నా దగ్గరి ఫైలు పరిమాణంతో పోల్చి చూడడం అలవాటయింది.

2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఎఫ్‌టీపీని తీసేశాయి. పాస్‌వర్డులు దాపరికం లేకుండా తీగ మీద వెళ్తాయి కాబట్టి ఆ నిర్ణయం సరైనదే. నా సొంత ఖాతాలకు నేనూ, అన్నిటినీ రహస్య సంకేతాల్లోకి మార్చి పంపే ఎస్‌ఎఫ్‌టీపీనే వాడుతున్నాను. బహిరంగ సర్వర్ల నుంచి పాత ఫైళ్లు తెచ్చుకోవడానికి మాత్రం ఇప్పటికీ ఆ నల్లతెర మీది ఆదేశాలే నాకు హాయి.